రేచెల్ రెండో వాంగ్మూలం

మా వియ్యపురాలు లొరేన్‌కి కళ్ళ మధ్యలో చూపు పోయింది. అంచుల్లో మాత్రం మిగిలింది. ఎదురుగా నిలబడ్డ మనిషికి ముఖం ఉండదనీ, చెవులే ఉంటాయనీ చెప్పి నవ్వుతుంది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు మూడో తరగతి పిల్లలకి కలిపిరాత నేర్పిన టీచరు ఆమె. నాకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దించిందీ ఆమే. నేను ఈ దేశం వచ్చాక, హెర్న్‌డన్‌లో మా అమ్మాయి దేవకుమారి, అల్లుడు గ్లెన్ ఇంట్లో, వంటగది బల్ల దగ్గర కూర్చోబెట్టి, నా గుప్పెటని తన గుప్పెట్లో పెట్టుకుని తిప్పించింది. అప్పుడు నాకు యాభై ఆరేళ్ళు. తెలుగు అక్షరాలే నాకు నలభై దాటాక, చర్చిలో పెట్టిన రాత్రిబడిలో వచ్చాయి.

వియ్యపురాళ్ళం కదా, వదినా అని పిలవాలని నేను ఆమెకి నేర్పాను. "వడీనా" అంటుంది.

కిందటి మార్చిలో ఆమె ఒక పని తలపెట్టింది. ఇక్కడికి నాలుగు గంటల దూరంలో, కొండల మధ్య, వాళ్ళ వంశం వాళ్ళ సమాధుల తోట ఉంది. అందులో తన పూర్వీకుడు కెప్టెన్ ఏసా క్రేన్ పేరున ఒక రాయి నిలబెట్టించాలి. రెండు వందల నలభై ఏళ్ళ కిందట, తెల్లవాళ్ళు ఆ అడవులు నరికి కొత్తగా ఇళ్ళు కట్టుకుంటున్న రోజుల్లో, టామస్ విల్కీ అనే రైతుని ఇండియన్లు చంపారట. ఏసా మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి వాళ్ళని తరిమి, టామస్‌ని పూడ్చి, చంటిబిడ్డతో మిగిలిన అతని భార్య రేచెల్‌ని పెళ్ళి చేసుకున్నాడట. ఏసాకీ రేచెల్‌కీ పుట్టిన కొడుకు వంశమే లొరేన్‌ది.

"ఇండియన్స్ అంటే మనం కాదులే అమ్మమ్మా, నేటివ్స్," అంది మా మనవరాలు ఫెబీ. "కంగారు పడకు."

ఏసా లాంటి వీరుల వారసులకి ఒక సంఘం ఉంది. రాయి మీద తమ సంఘం గుర్తు చెక్కించాలంటే పాత కాగితాల్లో ఉన్న సాక్ష్యం కావాలన్నారు. కాగితాలు ఎక్కడున్నాయో లొరేన్‌కి తెలుసు. ఆ తరం ముసలివాళ్ళు ఇంకా కొందరు బతికి ఉండగా, చదువుకున్న పెద్దమనిషి ఒకాయన గుర్రం మీద ఊరూరూ తిరిగి, వాళ్ళు చెప్పినవి రాసుకుని, వాళ్ళ పెట్టెల్లో ఉన్న అర్జీలూ ఉత్తరాలూ పోగుచేశాడు. ఆ కట్టలన్నీ తరవాత ఫోటోలు తీసి మైక్రోఫిల్మ్ రీళ్ళుగా చుట్టారు. లైబ్రరీలో అడిగితే రీలు తెప్పిస్తారు. దాన్ని మిషనుకి ఎక్కించి పిడి తిప్పితే, పేజీలు ఒకటొకటిగా తెర మీదికి వస్తాయి.

రీలు వచ్చిన శనివారం ఫెబీ మమ్మల్ని లైబ్రరీకి తీసుకెళ్ళింది. తెర మీద మొదటి పేజీ చూసి కుర్చీ వెనక్కి జరిపింది.

"నానమ్మా, ఐ కాంట్ రీడ్ దిస్," అంది లొరేన్‌తో. తరవాత నా వైపు తిరిగి, "వానపాముల్లా ఉన్నాయి అమ్మమ్మా. మాకు స్కూల్‌లో ఈ రైటింగ్ నేర్పనే లేదు."

"నా తరవాత వచ్చిన టీచర్లందరికీ బద్ధకం," అంది లొరేన్.

అలా చదివే పని నా మీద పడింది. నాకు అక్షరాలు వచ్చు గానీ, వాటిని కలిపితే ఏ మాట అవుతుందో సగం తెలియదు. లొరేన్‌కి మాటలన్నీ తెలుసు, అక్షరాలు కనబడవు. అందుకని నేను ఒక్కో అక్షరం పలికేదాన్ని, ఆమె కళ్ళు మూసుకుని విని మాట చెప్పేది. పక్కన ఫెబీ లాప్‌టాప్‌లో కొట్టేది. ఒక్కో పేజీకి గంట పట్టేది. మూడు శనివారాలు అలాగే గడిచాయి.

మూడో శనివారం దొరికింది. నల్లటి సిరాతో, పొందికైన రాత. ఫిబ్రవరి నెల, పదిహేడు వందల ఎనభై రెండు. "రేచెల్ విల్కీ అను నేను ప్రమాణపూర్వకముగా చెప్పునదేమనగా, నా భర్తను ఇండియన్లు చంపి నెత్తి తోలు కోసుకుపోయినారు, కెప్టెన్ క్రేన్ గారు వచ్చి నన్ను కాపాడినారు." కింద ఏసా క్రేన్ సంతకం. ఆ కాగితం రాసింది అతనే. సంతకానికి పైన ఒక అడ్డగీత, దాని మీద ఇంకో అడ్డగీత. చుట్టూ చిన్న అక్షరాలతో, రేచెల్, ఆమె గుర్తు.

లొరేన్ రెండు చేతులూ జోడించి గడ్డం కింద పెట్టుకుంది. "ఆయన చేతిరాత చూశావా వదినా? ఎలా ఉంది?"

"గుండ్రంగా ఉంది. బాగుంది," అన్నాను. నేను చూస్తున్నది ఆ గుర్తుని. రెండో గీత మధ్యలో వంకర పోయింది. చెయ్యి ఎవరో తగిలితే కదిలినట్టు.

నా వేలిముద్ర కూడా అలాగే చెదిరింది. హెడ్ కానిస్టేబుల్ నా బొటనవేలు పట్టుకుని కాగితం మీద గట్టిగా దొర్లించాడు.

నలభై ఏళ్ళ కిందట, మా ఊళ్ళో ఎలక్షన్లలో మా ఆయన ఇమ్మాన్యుయేల్ పోలింగు ఏజెంటుగా కూర్చున్నాడు. చచ్చిపోయినవాళ్ళ ఓట్లు వెయ్యడానికి వచ్చినవాళ్ళని పేరుపేరునా ఆపాడు. పోలింగు అయిన మూడో రోజు పగలు పదకొండు గంటలకి కాలవ గట్టు మీద పట్టుకున్నారు. నలుగురు. నేను అన్నం గిన్నె పట్టుకుని అవతలి గట్టున వస్తున్నాను. మధ్యలో నిండా పారే కాలవ. ఇద్దరు చేతులు విరిచి పట్టుకున్నారు. ఒకడు గొడ్డలి తిరగేసి ముందు మోకాళ్ళు పగలగొట్టాడు. ఆయన కూలబడ్డాక గొడ్డలి సరిగ్గా పట్టుకుని మెడ మీద వేశాడు. నేను అరిచాను. నలుగురూ తలెత్తి నన్ను చూశారు. చూసి, మళ్ళీ పనిలోకి వంగారు. అయిపోయాక గొడ్డలి కాలవలో కడుక్కుని వెళ్ళారు. నీళ్ళు నా వైపుకి ఎర్రగా వచ్చాయి.

స్టేషనులో నాలుగు పేర్లూ వాళ్ళ తండ్రుల పేర్లతో సహా చెప్పాను. "నువ్వు చెప్పిందే రాశానమ్మా, వెయ్యి," అన్నాడు హెడ్డు. వేశాను. రెండేళ్ళకి కోర్టులో ఆ కాగితం చదివారు. ఆ సమయంలో నేను అక్కడ లేననీ, చంపినవాళ్ళని చూడలేదనీ ఉంది. ఈ వేలిముద్ర నీదేనా అని అడిగారు. నాదే. నలుగురూ నా ముందునుంచే గుమ్మం దాటి వెళ్ళారు.

ఇవన్నీ లొరేన్‌కి ఎప్పుడో చెప్పాను.

పని అక్కడితో అయిపోవలసింది. సంఘానికి ఆ ఒక్క కాగితం చాలు. కానీ పేర్ల పట్టికలో "క్రేన్, విధవ" అని ఇంకో రీలు నెంబరు ఉందని ఫెబీ చెప్పింది.

"తెప్పించు," అంది లొరేన్. "పెళ్ళయ్యాక ఆయన గురించి ఆవిడ ఇంకా మంచి మాటలు చెప్పి ఉంటుంది. వేన్ మొహం చూడాలి అప్పుడు." వేన్ ఆమె బాబాయి కొడుకు. సంఘానికి అధ్యక్షుడు.

రెండో రీలు ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. అది ఆ పెద్దమనిషి నోటుబుక్కు. ముసలివాళ్ళు మాట్లాడుతుంటే పెన్సిలుతో గబగబా రాసుకున్నది. తెర మీద పేజీ బూడిద రంగులో ఉంది, రాత అంతకన్నా కాస్త నల్లగా ఉంది. ఏసా క్రేన్ చచ్చిపోయిన మరుసటి సంవత్సరం. అప్పటికి రేచెల్‌కి ఎనభై ఏళ్ళు.

మొదలుపెట్టాం. "ఇప్పుడు అతను చచ్చిపోయాడు కనుక చెబుతాను," అని వచ్చింది మొదటి వరస.

"ఎవరు?" అంది లొరేన్.

"తెలియదు. ఇంకా చదవలేదు."

మంచు మోకాలి లోతు. ముగ్గురు ఇండియన్ ఆడవాళ్ళు, ఇద్దరు పిల్లలు నడిచి వచ్చారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు. వాళ్ళ కాలివేళ్ళు నల్లబడిపోయాయి. టామస్ వాళ్ళని మొక్కజొన్న కొట్టంలో పడుకోబెట్టాడు. ఇంతవరకూ లొరేన్ కళ్ళు మూసుకుని, మెల్లగా, పిల్లలకి పాఠం చెప్పినట్టు మాటలు చెబుతూనే ఉంది. "మంచి మనిషి," అంది మధ్యలో.

మూడో రోజు పొద్దున పదిమంది వచ్చారు. టామస్ కొట్టం తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో పాల బాల్చీ తప్ప ఏమీ లేదు.

తరవాతి వరస మొదట్లో మూడు అక్షరాలు ఉన్నాయి. అవి నాకు బాగా తెలిసిన అక్షరాలు. ఆ మూడు వారాల్లో వంద సార్లు పలికాను. అదే వరసలో చివర రెండే అక్షరాలున్న ఇంకో మాట ఉంది. ఆ మాట కూడా నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను పిడి మీద చెయ్యి పెట్టాను. ఒక్క తిప్పు తిప్పితే పేజీ పోతుంది. చెరిగిపోయింది వదినా, కనబడటం లేదు అంటే సరిపోతుంది. ఆమె చూడలేదు. ఫెబీ చదవలేదు. మా అమ్మాయి అత్తగారు ఆమె, నాకు అక్షరాలు పెట్టిన మనిషి. కానీ పిడి మీద ఉన్న నా చెయ్యి చూస్తే నాకు ఆ హెడ్డు చెయ్యి గుర్తొచ్చింది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఎ," అన్నాను. "ఎస్. ఎ."

లొరేన్ మాట చెప్పలేదు.

"ఎ. ఎస్. ఎ," అన్నాను మళ్ళీ.

"వినబడింది. ముందుకి పో."

చివరిదాకా వచ్చి, "ఎ. ఎక్స్," అన్నాను.

"గొడ్డలి," అంది లొరేన్.

ఒక్క దెబ్బకి చావలేదని ఉంది తరవాతి వరసలో. మోకాళ్ళ మీద పాకుతూ మళ్ళీ తలుపుకే అడ్డం వచ్చాడని ఉంది. రెండో దెబ్బ వీపులో దిగిందనీ, గొడ్డలి ఊడి రాకపోతే ఏసా అతని నడుము మీద కాలు పెట్టి లాగాడనీ ఉంది. నేను అక్షరాలు చెబుతున్నాను, ఆమె మాటలు చెబుతోంది. నడుము. కాలు. లాగాడు. ఆమె గొంతు ముందులాగే మెల్లగా ఉంది. ఫెబీ కొట్టడం ఆపేసింది.

ఆ తరవాతి వరసలు రేచెల్ చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయి. లోపలివాళ్ళని ఒక్కొక్కరినే బయటికి ఈడ్చారు. వాళ్ళు మాకు తెలిసిన చర్చి పాటే పాడుతున్నారు. చంపేవాళ్ళలో ఒకడు పాట వినలేక కాసేపు దూరంగా వెళ్ళి, మళ్ళీ వచ్చి చంపాడు. పిల్లల సంగతి నేను చెప్పను. పాట ఆగిపోయింది. తరవాత ఏసా టామస్ జుట్టు తోలుతో సహా కోశాడు, ఇండియన్ల పనిలా కనబడటానికి. కాగితం కూడా ఏసాయే రాశాడు. నేను చంటిదానికి పాలిస్తున్నాను. గుర్తు పెట్టమన్నాడు, పెట్టాను. ఏప్రిల్‌లో నన్ను పెళ్ళి చేసుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళు అతనికి వండి పెట్టాను.

లొరేన్ నా మణికట్టు పట్టుకుంది. చూపులేని మనిషి పట్టు కాదది. గోళ్ళు దిగాయి.

"నువ్వు సరిగా చూడటం లేదు," అంది. "పెన్సిలు చెరిగిపోయింది. నీకు కనబడనిచోట నీ మొగుడి కథ పెట్టి చెబుతున్నావు."

"నేను అక్షరాలే చెప్పాను. మాటలన్నీ నువ్వే చెప్పావు."

"నానమ్మా, యు ఆర్ హర్టింగ్ హర్," అంది ఫెబీ.

లొరేన్ వదిలింది. మార్జినులో ఇంకో వరస ఉంది. ఆ పెద్దమనిషి సిరాతో రాసుకున్నది. అది కూడా చెప్పమంది. చెప్పాను. "ముసలామె. మతి స్థిరం లేదు. శుద్ధప్రతిలో చేర్చనక్కర లేదు."

"చూశావా," అంది లొరేన్, లేచి కర్ర అందుకుంటూ. "మతి లేదని ఆయనే రాశాడు. మిసెస్ సువార్తమ్మా, ఇంక మీరు రానక్కర్లేదు."

నా మణికట్టు మీద నాలుగు గోళ్ళ గుర్తులు చూసి ఇంట్లో దేవకుమారి పొయ్యి ఆపేసింది.

"అమ్మా, ఆవిడ గ్లెన్ వాళ్ళ అమ్మ. రేపు నేను ఏ మొహం పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాలి? నీకు ఎందుకు ఇదంతా? అది రెండొందల ఏళ్ళ కిందటిది. వాళ్ళలో ఎవరు బతికున్నారు ఇప్పుడు?"

"మీ నాన్నది నలభై ఏళ్ళ కిందటిదే."

"దానికీ దీనికీ లింకేంటి?"

"ఆయన బతికున్నాడా మరి?"

ఆమె ఫ్రిజ్‌లోంచి ఐసుముక్కలు తెచ్చి గుడ్డలో చుట్టి నా చేతికి కట్టింది. కట్టాక, "నువ్వు కనబడటం లేదని ఉంటే సరిపోయేది," అంది. గొంతులో కోపం తగ్గింది గానీ మాట మార్చుకోలేదు.

ఫెబీ ఆ పేజీ ఫోటో తీసి తెచ్చింది. నేను రోజూ పొద్దున దాన్ని చూసి పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద దింపాను. ఎవరి కోసమో అనుకోలేదు. ఒకసారి దింపి, తప్పులు దిద్ది, మళ్ళీ దింపాను. ఎన్నిసార్లు దింపానంటే, పడుకుని కళ్ళు మూసుకుంటే ఆ వరసలు వరసలుగానే కనబడేవి.

మే నెల రెండో వారంలో లొరేన్ ఫోను చేసింది. ఆ నెల రోజులూ ఆమె గొంతు నేను వినలేదు.

"శనివారం రాయి దగ్గర సభ. నువ్వు వస్తున్నావు," అంది. "ఆ కాగితం తెచ్చుకో. ఆ మాటలన్నీ నా నోటితో నేనే చెప్పాను, అవి నన్ను నిద్రపోనివ్వడం లేదు."

"నేను దింపి పెట్టానని నీకెవరు చెప్పారు?"

"నీ చేత ఒక్కో అక్షరం రెండొందల సార్లు రాయించినదాన్ని నేను. తెలియదా?"

సభలో అరవై డెబ్బై మంది ఉన్నారు. వేన్, ఇంకో అరడజను మంది మగవాళ్ళు తోలు బట్టలు, కుచ్చుల చొక్కాలు వేసుకుని, నడుముకి చేతిగొడ్డళ్ళు దోపుకుని, పాతకాలపు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. రాయి మీద గుడ్డ కప్పి ఉంది. ప్రార్థన అయ్యాక ఆ తుపాకులు మూడుసార్లు ఆకాశంలోకి పేల్చారు. మొదటిసారి నేను చెవులు మూసుకుని వంగిపోయాను. ఫెబీ నా భుజం పట్టుకుంది. మందు వాసన సమాధుల మధ్య చాలాసేపు నిలిచిపోయింది.

తరవాత వేన్ లొరేన్ని నాలుగు మాటలు చెప్పి గుడ్డ తియ్యమన్నాడు. ఆమె రాయికి వీపు పెట్టి నిలబడింది.

"ఇవి నా మాటలు కావు. రేచెల్ క్రేన్ మాటలు," అంది. "నేను చదవలేను. మా వియ్యపురాలు అక్షరాలు చెబుతుంది, నేను మాట చెబుతాను. అలా అయితే నేను కల్పించానని మీరు అనలేరు. వదినా, రా."

నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను. కాగితం విప్పాను. అక్షరం తరవాత అక్షరం చెప్పాను. మొదట జనం నవ్వుకున్నారు. ముసలివాళ్ళిద్దరూ ఏదో ఆట ఆడుతున్నారనుకున్నారు. కొట్టం అనేసరికి నవ్వు తగ్గింది. "ఎ. ఎస్. ఎ," అని నేను అన్నప్పుడు లొరేన్ ఈసారి ఆగలేదు. "ఏసా," అంది. గొడ్డలి అంది. నడుము మీద కాలు అంది.

"చాలు," అన్నాడు వేన్. "లొరేన్, నీకు ఒంట్లో బాలేదు. ఈవిడకి మన భాషే రాదు, ఈవిడ చదివితే నువ్వు నమ్ముతావా? ఎక్కడినుంచి వచ్చిందో ఏమో."

"హెర్న్‌డన్ నుంచి," అంది ఫెబీ.

అతను కాగితం మీద చెయ్యి వేశాడు. నేను వదల్లేదు. అతను గుంజాడు. కాగితం అడ్డంగా చిరిగింది, నేను వెనకనున్న పాత రాయి మీద పడ్డాను. మోచెయ్యి చర్మం లేచిపోయి రక్తం కారింది. పడుతూ పడుతూ చూశాను, లొరేన్ కర్ర గాలిలోకి లేచింది. ఆమెకి అతని ముఖం కనబడదు, అంచుల్లో ఉన్న చెయ్యి కనబడింది. ఆ చేతి మీదే కొట్టింది. ఎముక మీద కర్ర తగిలిన చప్పుడు అందరికీ వినబడింది. వేన్ చెయ్యి కడుపుకి అదుముకుని కూర్చుండిపోయాడు. కుచ్చుల చొక్కాలవాళ్ళలో ఒకడు మా వైపు అడుగు వేశాడు. అతని నడుము దగ్గర గొడ్డలి ఊగింది. ఫెబీ నా ముందుకి వచ్చి నిలబడింది. "ట్రై ఇట్," అంది, మెల్లగానే.

అతను ఆగాడు.

"వదినా, ఎక్కడ ఆగాం?" అంది లొరేన్. ఊపిరి గట్టిగా తీస్తోంది.

కాగితం వేన్ కాళ్ళ దగ్గర రెండు ముక్కలై ఉంది. నాకు దాంతో పని లేదు. నేను లేచి నిలబడి, పాట దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టాను. తోలు కోసిన సంగతి చెప్పాం. చంటిదానికి పాలిస్తుండగా గుర్తు పెట్టించుకున్న సంగతి చెప్పాం. మార్జినులో రాసిందీ చెప్పాం. కొందరు పిల్లల్ని తీసుకుని కార్ల వైపు వెళ్ళిపోయారు. వెళ్ళనివాళ్ళు కూడా ఉన్నారు. ఒక పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రాయి మీద గుడ్డ అలాగే ఉంది. ఎవరూ దాని దగ్గరికి పోలేదు.

ఆఖరి వరస లైబ్రరీలో మేము చదవనిది. తరవాత ఇంట్లో ఫోటో చూసి నేను ఒక్కదాన్నే దింపుకున్నది. పాడిన ఆడవాళ్ళలో పెద్దామె పేరు తనకి తెలుసుననీ, మిగతావాళ్ళ పేర్లు అడగకపోవడం తన పాపమనీ రేచెల్ చెప్పింది.

"ఎ," అన్నాను. మోచేతినుంచి రక్తం వేళ్ళ దాకా వచ్చింది. "ఎన్. ఎన్. ఎ."

"అన్నా," అంది లొరేన్. తల పక్కకి తిప్పి, కంటి అంచుతో జనాన్ని చూసింది. "గట్టిగా చెప్పు వదినా. వెనకున్నవాళ్ళకి వినబడలేదు."

మళ్ళీ చెప్పాను.